ఆర్డెల్ వదిన చెప్పిన నాలుగో స్థానం

మా వదిన ఆర్డెల్ జాడిన్ అన్న ఒక్క మాటకి ఆ ఆదివారం మా ఊరి ఎడ్గర్ మసార్ వేడి వేడి కాఫీని తన బూట్ల మీదే ఒలకబోసుకున్నాడు. ఫాదర్ గారు మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేనైతే నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే ఉండిపోయానట, తర్వాత మా ఆయన చెప్పాడు. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

వదిన పుట్టింట్లో ఫుట్‌బాల్ ఊసే లేదు. వాళ్ళ నాన్నకి ఆవులు తప్ప లోకం లేదు. మా అన్నయ్య గోర్డీని చేసుకుని మా ఇంటికొచ్చిన కొత్తలో, ఒక ఆదివారం మధ్యాహ్నం మా గ్రీన్ బే జట్టు ప్యాకర్స్ ఆట జరుగుతుంటే, టీవీకి అడ్డంగా నిలబడి కొట్టం తలుపు ఊడిపోయిందని, వచ్చి బిగించమని అడిగింది. అన్నయ్య బుధవారం దాకా ఆమెతో మాట్లాడలేదు. ఇంకొకతి అయితే పుట్టింటికి ఫోన్ చేసి ఏడ్చేది. ఈవిడ మాత్రం, మొగుణ్ణి ఇంతగా పట్టుకున్న ఆ ఆటలో ఏముందో చూద్దామని కూర్చుంది. జున్ను ఫ్యాక్టరీలో ఆమె పనిచేసే చోట రోజంతా రేడియో మోగుతుండేది. నాలుగైదేళ్ళు తిరిగేసరికి ఏ జట్టులో ఎవడి మోకాలు నొప్పో, ఎవడు కోచ్‌తో పోట్లాడాడో మా అన్నయ్యకి ఆవిడే చెప్పే స్థితి వచ్చింది.

మా దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తేది. మా గ్రీన్ బే, చికాగో, డెట్రాయిట్, మిన్నెసోటా, ఈ నాలుగు జట్లూ ఒకే డివిజన్, అంటే ఒకే గుంపు. వియ్యాలవారిలాగా ఏటా మేమొకసారి వాళ్ళింటికి, వాళ్ళొకసారి మా ఇంటికి వచ్చి కొట్టుకోవాల్సిందే. ఆ నలుగురిలో పైన నిలిచినవాళ్ళకే పరువు. ఆటలు సెప్టెంబరులో మొదలవుతాయి. దానికి ముందు, ఆగస్టులో, మా చర్చి ఆవరణలో బూయా అనే పులుసు వండుతాం. కోడి, ఎద్దు తోక, క్యాబేజీ, బంగాళాదుంపలు అన్నీ ఒక పెద్ద గుండిగలో వేసి, తెల్లవారుజాము నుంచి కలుపుతూనే ఉండాలి. ఆ తెడ్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఆ రోజు డివిజన్ జాతకం చెప్పాలి. అది మా తాతల కాలం నుంచీ వస్తున్న పద్ధతి. కింది నుంచి మొదలుపెట్టి నాలుగు, మూడు, రెండు అని చెబుతూ వచ్చి, మొదటి స్థానం పేరు పలికాకే గుండిగలో గరిటె పడుతుంది. అప్పటిదాకా ఎంత ఆకలేసినా గిన్నె పట్టుకుని నిలబడాల్సిందే.

అంతకుముందు తెడ్డు పట్టిన ముసలి ఓర్విల్‌కి గొంతు పోయిన ఏడాది అది వదిన చేతికొచ్చింది. అప్పటి నుంచి ఎవరూ అడగలేదు, ఆవిడా వదల్లేదు. ఆవిడ "నాలుగో స్థానం..." అనగానే ఆవరణంతా "చికాగో!" అని అరిచేది. మొదటి స్థానం సరేసరి, ఎప్పుడూ మేమే. మా జట్టు చచ్చీ చెడీ ఆడిన సంవత్సరాలు లేకపోలేదు. పసిపిల్లలకి కూడా తెలుసు, ఆ ఏడు మాకు దిక్కులేదని. అప్పుడు కూడా వదిన కనురెప్ప వాల్చకుండా మా పేరే చెప్పింది. ఆ తర్వాత డిసెంబరు దాకా ఎగతాళి పాలైంది కానీ మాట మార్చలేదు.

కాఫీ ఒలికిన ఆ ఏడు జూన్‌లో అన్నయ్య ఎండుగడ్డి మోపు ఎత్తబోయి కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆస్పత్రికి నేనూ వెళ్ళాను. డాక్టర్ పావ్లిక్ అనే ఆవిడ గుండె బొమ్మ గీసి చూపించింది. కవాటం ఒకటి బిగుసుకుపోయిందట. ఛాతీ తెరిచి మార్చాలట, చలికాలం రాకముందే.

"చేయించుకుంటా," అన్నాడు అన్నయ్య. "ఫిబ్రవరిలో."

"ఫిబ్రవరిలోనా? అప్పటిదాకా ఏముంది?"

"ఆటలున్నాయి కదమ్మా."

డాక్టరమ్మ వేరే ఊరి మనిషి కాబోలు, నవ్వులాటనుకుంది. నాకు తెలుసు, కాదని. ఛాతీ కోసినవాడు నెలల తరబడి గట్టిగా అరవకూడదు, స్టేడియం మెట్లెక్కకూడదు, మంచులో బల్ల మీద కూర్చోకూడదు. స్టేడియంలో మా నాన్న నుంచి వచ్చిన సీటుని అన్నయ్య ఒక్క ఆటకి కూడా ఖాళీగా వదల్లేదు. మా ఊళ్ళో ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. కూతురి పెళ్ళి ముహూర్తం కూడా ఆటల పట్టిక చూసి పెట్టుకుంటారు.

"మిస్టర్ జాడిన్, ఫిబ్రవరి దాకా మీరుంటారని నేను మాటివ్వలేను," అంది డాక్టరమ్మ సూటిగా.

అన్నయ్య టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఈ ఏడు మనవాళ్ళది. నా మనసు చెబుతోంది. ఆగస్టులో ఆర్డెల్ నోట కూడా విందురుగాని. ఇన్నాళ్ళు ఆగి, గెలిచే ఏడాది మంచమెక్కమంటారా?"

వదిన జూలై అంతా బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. నేను వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఫాదర్ గారి చేత చెప్పించాం. అన్నయ్య పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్ళేవాడు, మధ్యలో గోడ పట్టుకుని నిలబడేవాడు, మళ్ళీ వెళ్ళేవాడు. మెట్లెక్కితే పెదవులు నీలంగా మారేవి. అయినా ఒకటే మాట, ఫిబ్రవరి.

ఆగస్టు ఆదివారం వచ్చింది. పూజ అయ్యాక జనమంతా గిన్నెలు పట్టుకుని గుండిగ చుట్టూ చేరారు. అన్నయ్య ముందు వరసలో మడత కుర్చీ వేసుకుని, పాత ఆకుపచ్చ చొక్కాలో కూర్చున్నాడు. వదిన ముఖం ఆవిరికి ఎర్రబడి ఉంది. తెడ్డు గట్టిగా పట్టుకుంది.

"నాలుగో స్థానం..." అంది.

"చికాగో!" అని ఆవరణ దద్దరిల్లింది.

"కాదు," అంది వదిన. "మనం."

కొందరు నవ్వారు. ఈ ఏడు కొత్త హాస్యం మొదలెట్టిందనుకున్నారు. వదిన నవ్వలేదు. తెడ్డు కలపడం ఆపి, ఒక్కో వేలూ మడుస్తూ చెప్పుకుంటూ పోయింది. బంతి విసిరే కుర్రాడి చీలమండ ఇంకా కుదురుకోలేదని, వాడికి అడ్డుగోడలా నిలబడే ముందు వరస మనుషుల్లో ఇద్దరు ముసలివాళ్ళు, ఒకడు పచ్చివాడని, డిసెంబరులో మన ఆటలన్నీ పరాయి ఊళ్ళలోనేనని. ఏదీ ఊసుపోక చెప్పినట్టు లేదు. ప్రతిదానికీ లెక్కుంది.

"వదినా, నీకేమైనా పిచ్చా?" అని నేనే అరిచాను.

ఆవిడ వినలేదు. మూడోది చికాగో అంది, రెండోది డెట్రాయిట్ అంది. ఇక మిగిలింది ఎవరో అందరికీ తెలిసిపోయింది. ఎడ్గర్ మసార్ రెండు చేతులూ పైకెత్తాడు.

"వద్దు ఆర్డెల్! నీకు దణ్ణం పెడతా, ఆ పేరు మాత్రం అనకు!"

"మొదటి స్థానం, మిన్నెసోటా."

ఎడ్గర్ కాఫీ బూట్ల మీద పడింది అప్పుడే. మా చర్చి ఆవరణలో, మా గుండిగ పక్కన, మా తెడ్డు పట్టుకుని ఒక మనిషి ఆ మాట అంటుందని చచ్చినా ఎవరమూ అనుకోలేదు. మొదటి గరిటె వెయ్యాలా వద్దా ఎవరికీ తెలియలేదు. ఎవరో ఒకావిడ ఏడ్చింది కూడా. అన్నయ్య ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. కుర్చీలోంచి మెల్లగా లేచాడు, ఎవరివైపూ చూడకుండా నడుచుకుంటూ వెళ్ళి తన బండిలో కూర్చున్నాడు.

నేను వదినని చెయ్యి పట్టుకుని చర్చి వంటగదిలోకి ఈడ్చుకెళ్ళాను. కడిగేద్దామనే వెళ్ళాను. తీరా చూస్తే ఆవిడే ముందు తలుపు గడియ పెట్టింది.

"అంతా అబద్ధం మార్లిస్," అంది. "ఈ ఏడు మనమే. ఇంత మంచి జట్టుని నేను పదేళ్ళలో చూళ్ళేదు. ఆ కుర్రాడి చీలమండ ఎప్పుడో కుదిరిపోయింది."

"మరెందుకే తల్లీ!"

"మీ అన్నయ్య నా మాట దేనికీ వినడు. ఈ ఒక్క విషయంలో వింటాడు. చూడ్డానికేమీ లేదనుకుంటేనన్నా వెళ్ళి ఆ ఆపరేషన్ బల్లెక్కుతాడేమోనని. నువ్వు గానీ నోరు జారావో, నీకూ నాకూ ఈ జన్మకి మాటల్లేవు."

ఎన్ని దెబ్బలు తగిలినా మాట మార్చని మనిషి, ఊరి ముందు మాట మార్చింది. నేనేమో కడుపులో మాట దాచుకోలేనిదాన్నని ఊరందరికీ తెలుసు.

ఊరు ఊరుకోలేదు. మర్నాడే తెడ్డు ఎడ్గర్ ఇంటికి వెళ్ళిపోయింది. శుక్రవారం చేపల విందుకి వదినా అన్నయ్యా వస్తే బల్ల దగ్గర జనం ఎడం ఎడంగా జరిగి కూర్చున్నారు, చోటు లేదన్నట్టు. ఎవడో వాళ్ళ ఉత్తరాల డబ్బాకి మిన్నెసోటా ఊదారంగు గుడ్డ కట్టాడు. ఫ్యాక్టరీలో ఆవిడ పక్కన పనిచేసే డార్లీన్ రేడియో గొంతు తగ్గించేసి, "మీకెందుకులే ఆర్డెల్, మీ జట్టు వేరే కదా," అందట. వదిన ఊదారంగు గుడ్డ విప్పి, మడతపెట్టి, గిన్నెలు తుడవడానికి వాడుకుంది. నాకు మాత్రం ఒక్కొక్కరి ఇంటికెళ్ళి జుట్టు పట్టుకుని నిజం చెప్పాలనిపించేది. నోరు కుట్టేసుకున్నట్టు తిరిగాను.

అన్నయ్య మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున, పాలు పితికి వచ్చి, చేతులు కడుక్కుని, తనే ఆస్పత్రికి ఫోన్ చేశాడు.

"వీలైనంత త్వరగా పెట్టెయ్యండి," అన్నాడు.

వదిన పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి, మాడిపోతున్న గుడ్లని కలుపుతూనే ఉంది.

ఆటలు మొదలయ్యే వారంలోనే అన్నయ్యకి ఛాతీ తెరిచారు. మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. గంటలు గడిచినా తలుపు తెరుచుకోలేదు. వదిన ఒక్కసారి మాత్రం నోరు విప్పింది.

"మార్లిస్, ఆ అబద్ధం నమ్ముతూనే ఆయన వెళ్ళిపోతే?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చివరికి డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, నవ్వుతూ బయటికొచ్చింది. ఇద్దరం పసిపిల్లల్లా వెక్కి వెక్కి ఏడ్చాం.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. ఛాతీ మీద అడుగు పొడుగున కట్టు. నర్సు వచ్చి, పాపం మంచికేననుకుని, టీవీ పెట్టి వెళ్ళింది. మా ఆకుపచ్చ చొక్కాలు పరుగెడుతున్నాయి. చీలమండ కుదరలేదన్న కుర్రాడు ఇద్దర్ని తప్పించుకుని, సగం మైదానం దాకా బంతి విసిరాడు. దాన్ని మావాడు గాల్లోనే అందుకుని గీత దాటేశాడు. వదిన గబుక్కున లేచి టీవీ ఆపేసింది.

"ఏదో... మొదటాట కదా. అదృష్టం," అని నసిగింది.

"ఆర్డెల్," అన్నాడు అన్నయ్య. గొంతు గాలిలా వచ్చింది. "ఆ ముందు వరస చూశావా? రాతిగోడ. నీకు జూన్‌లోనే తెలుసు."

నేను తలుపువైపు చూస్తున్నాను, పారిపోదామని.

"మనవాళ్ళు మట్టి కరిచిన ఏడు కూడా నువ్వు మొదటే పెట్టావు. ఊరంతా నవ్వినా పెట్టావు. అలాంటిదానివి ఆ రోజు నాలుగో చోట పెట్టేసరికి నాకు తెలిసిపోయింది, చెడిపోయింది జట్టు కాదని. అక్కడున్న వాళ్ళంతా జట్టు కోసం బెంగపడ్డారు. నేనొక్కణ్ణే నా కోసం భయపడ్డా. మా ఆవిడ ఇంత పని చేసిందంటే నేను నిజంగానే పోతానన్నమాట అనుకున్నా."

వదిన మంచం కమ్మీ పట్టుకుంది.

"తెలిసీ... తెలిసీ నాకు చెప్పలేదా? అన్ని మాటలు పడ్డాను! డార్లీన్ చేత కూడా పడ్డాను! ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? ఈ ఏడు మనమే అని నిజం కక్కేస్తావు. ఆ మాట నీ నోట విన్నాక నేనిక్కడికి వచ్చేవాణ్ణేనా?"

వదిన ఏడుస్తోందో తిడుతోందో నాకు అర్థం కాలేదు. రెండూ అనుకుంటాను. అన్నయ్య కట్టు మీద ఒక చెయ్యి అదుముకుని, ఇంకో చేత్తో టీవీ చూపించాడు.

"ఇప్పుడు సరిగ్గా చెప్పు. నాలుగో స్థానం?"

వదిన ముక్కు తుడుచుకుంటూ, తెడ్డు లేని చెయ్యి పైకెత్తింది.

"చికాగో," అంది.

అన్నయ్య గట్టిగా అరవకూడదు కనుక అతని వంతు కూడా నేనే అరిచాను. నర్సు హడలిపోయి పరుగెత్తుకొచ్చింది.