పూసలదండ లెక్క తేల్చిన రంజాన్ బీ

రంజాన్ బీ నోరు మంచిది కాదు. ఈ మాట నేను కాదు, ఆమే చెప్పుకునేది. "నా చెయ్యి మంచిది నర్సమ్మా, నోటి సంగతి అల్లాకే తెలియాల" అని పక్కకు తిరిగి పొగాకు ఉమ్మి మళ్లా అందుకునేది. నల్లరాళ్లపల్లిలో ముప్పై ఏండ్ల లోపు వాళ్లంతా ఆమె చేతుల్లో పడి భూమ్మీదకు వచ్చినోళ్లే. ఊరి పెద్ద ఈశ్వరప్ప కొడుకు, మీసాలు మెలేసుకొని తిరిగేవాడు, ఒకసారి ఆమెను దబాయించబోయినాడు. "ఒరే, నిన్ను గుడ్డ లేకుండా మొదట చూసింది నేనేరా, నా ముందర నీ టెక్కేంది?" అనింది నడిబజార్లో. వాడు తువ్వాలు సర్దుకొని సందులోకి పోయినాడు.

నేను గుంతకల్లు పిల్లని. మా నాయన యేసన్న రైల్వేలో గ్యాంగుమన్. మిషనాసుపత్రిలో నర్సు పని నేర్చుకున్నాక, పందొమ్మిదివందల యాభై ఐదులో నన్ను ఈ ఊరికి వేసినారు. పామిడికి రెండు కోసుల దూరం. ప్రసూతి కేంద్రం అని బోర్డు ఉన్నింది గానీ లోపల ఒక బల్ల, ఒక బీరువా, నేను. ఆయాగా రంజాన్ బీని ఇచ్చినారు. నాకు ఇరవై రెండు, ఆమెకు యాభై దాటినాయి. కాగితం మీద నేను పెద్ద, ఆమె చిన్న. రెండో దినానికే అది తిరగబడింది.

వాళ్లు దూదేకులోళ్లు. మొగుడు అబ్దుల్ గఫూర్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ దుమ్ముకు రొమ్ము చెడి, నలభై నిండకముందే పోయినాడు. ఈమెకు ఎనిమిది కాన్పులు, నిలబడింది ఇద్దరు ఆడపిల్లలు. మంత్రసాని పని అత్త నేర్పింది. "కంటా కంటా నేర్చుకున్నా, నీ మాదిరి బుక్కు చూసి కాదు" అని నన్ను ఎత్తిపొడిచేది. నాకు ఒళ్లు మండేది. కానీ అడ్డం తిరిగిన బిడ్డని ఆమె నూనె చేత్తో సవరించేది చూసినాక, ఎత్తిపొడుపులు పడడం అలవాటు చేసుకున్నా.

యాభై ఆరు ఎండాకాలంలో మాకు గవర్నమెంటు నుంచి పూసలదండలు వచ్చినాయి. వయసులో ఉండే ఆడోళ్లకు వెంటవెంటనే కాన్పులు రాకుండా చూడాలంట. మందూ మాకూ ఏమీ లేదు. దారానికి ఇరవై ఎనిమిది పూసలు, ఒక పెద్దపూస, కొన్ని పచ్చవి, నడుమ కొన్ని ఎర్రవి. ముట్టయిన మొదటి దినం పెద్దపూస దగ్గర మొదలుపెట్టి, దినానికి ఒకటి తోస్తా పోవాల. పచ్చపూస దినాల్లో మొగుడు దగ్గరికి రావచ్చు. ఎర్రపూస దినాల్లో ఎడంగా పడుకోవాల. లెక్క తప్పితే కడుపు వస్తాది. ఇంతే సంగతి.

రంజాన్ బీ ఆ దండ ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. "రైలుకు పెట్టినట్ల సిగ్నలు పెట్టినారే! మొగోడు సిగ్నలు చూసి నిలబడే జాతా నర్సమ్మా?" అని పడీపడీ నవ్వింది.

పద్నాలుగు మంది దండలు తీసుకున్నారు. అందరికన్నా ముందు చెయ్యి చాపింది మారెమ్మ. ఆ పిల్లకు ఇరవై రెండు కూడా నిండలా, అప్పటికే ముగ్గురు బిడ్డలు. మూడో కాన్పుకు రక్తం ఆగక, ఎద్దులబండి మీద పామిడికి, ఆడ నుంచి బస్సులో అనంతపురానికి మోసుకొని పోయినాం. రెండేండ్ల లోపల మళ్లా కడుపు వస్తే ఈ పిల్ల దక్కదని ఆడి డాక్టరమ్మ నాతోనే చెప్పింది. అదంతా మారెమ్మకు తెలుసు. దండని రెండు చేతులా పట్టుకొని, "ఇది ఉంటే నేను సావను కదక్కా?" అనింది.

"సావవు. రోజూ ఒకటి తోయి, అంతే" అన్నా. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తాది.

అంతటితో ఆగినానా? "పిల్లకాయల చేతికి అందకుండా భద్రంగా పెట్టుకోండి, తెంచినారంటే మళ్లా ఇయ్యరు" అని అందరికీ గట్టిగా చెప్పినా.

వారం వారం ఇల్లిల్లూ తిరిగేదాన్ని. నేను కిరస్తానం, రంజాన్ బీ సాయిబుల మనిషి. ఇద్దరం అరుగు దగ్గరే ఆగేది. "రోజూ తోస్తాండావా?" అని నేను అడిగేది, "తోస్తాండా అక్కా" అని వాళ్లు చెప్పేది, నేను కాగితంలో టిక్కు పెట్టేది. రంజాన్ బీకి నా టిక్కులంటే చులకన. "రోజూ ఏనుగు ఎక్కుతాండావా అని అడిగి చూడు, అవునక్కా అంటారు. గవర్నమెంటు మనిషికి కాదని చెప్తారా యాడన్నా?" అనేది. గమ్మునుండు బీబమ్మా అని కసురుకునేదాన్ని.

ఆరు నెలలైనాక, ఈ పూసల పని ఎంతవరకు జరిగిందో తేల్చడానికి మద్రాసు నుంచి ఒకామె వచ్చింది. లావు కళ్లద్దాలు, నేతచీర, చేతిలో తోలుసంచి. మూడు దినాలు ఉంటాదన్నారు. మా బ్లాకాఫీసరుకు కాళ్లు భూమ్మీద ఆనలేదు. ఇస్కూలుకు సున్నం కొట్టించి, పద్నాలుగు మందిని వరసగా కూర్చోబెట్టి, నా కాగితాలు పళ్లెంలో పెట్టి ఇచ్చినాడు. "అంతా సక్సెస్సు మేడం, ఒక్క టిక్కు కూడా తప్పిపోలేదు" అన్నాడు. నేను కూడా ఊరికే ఉన్నానా, జడ ముందుకు వేసుకొని బిగదీసుకొని నిలబడినా.

ఆమె కాగితాలన్నీ తిరగేసింది. అప్పుడు వాకిట్లో నుంచి రంజాన్ బీ అందుకుంది.

"అమ్మా కళ్లద్దాలమ్మా, ఆ కాగితాలు మడిచి పెట్టు. గంగప్ప గొడ్ల చావిడి చూసినావా?"

ఆ ఊర్లో సాయిబుల ఇండ్లు తప్ప, ముట్టయిన ఆడది మూడు దినాలు ఇంట్లోకి పోదు. గంగప్ప గొడ్ల చావిట్లో ఒక మూల ఉంటాది, నాలుగోనాడు తలకు పోసుకొని ఇంట్లోకి పోతాది. అది రంజాన్ బీకి అంటు కాదు. దినామూ పోయి వాళ్లతో కూర్చొని ఊరి ముచ్చట్లు చెప్పి, వక్కాకు పంచి వచ్చేది. ఎవరు ఎప్పుడు వచ్చినారు, ఎవరు రాలేదు, అంతా ఆమె నోటిమీద ఉంటాది.

"ఈ పద్నాలుగు మందిలో ఆరుమంది రెండు నెలలుగా చావిడి మొగమే చూడలా" అనింది. "పూసలు తోస్తాండారంట, పూసలు! తోస్తా తోస్తా కడుపులు తెచ్చుకున్నారు. టిక్కు పెట్టుకోండి దానికి కూడా."

ఆడోళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బ్లాకాఫీసరు మొగం ఆ గోడ సున్నం కన్నా తెల్లగా అయింది. రంజాన్ బీ గొంతు మాత్రం తగ్గింది. "ఇంగ మారెమ్మ. పోయిన పున్నమికి రావాల్సింది. పన్నెండు దినాలు దాటింది, రాలేదు" అనింది. వరసలో కూర్చున్న మారెమ్మ తల ఎత్తలా.

మద్రాసమ్మ కోప్పడుతుందేమో అనుకున్నా. కళ్లద్దాలు తీసి తుడుచుకొని, "రేపు కాగితాలు వద్దు, ఇళ్లకు పోదాం. నువ్వే ముందు నడవాల" అని రంజాన్ బీతో చెప్పింది. రంజాన్ బీ నా వైపు చూసి కన్ను కొట్టింది. నాకు ఏడుపు వస్తాంటే ఆమెకు కన్ను కొట్టే తీరిక ఉండాది చూడండి.

మరుసటి దినం తెల్లారేసరికి ఊరంతా ఇదే మాట. ఎవరికి కడుపు వచ్చింది, ఎవరికి రాలేదు అని లెక్కలు తీసినారు. సాయిబుల ఇండ్లల్లో దండ తీసుకున్నోళ్లు ఇద్దరే, మస్తానాబీ, ఆమె తోడికోడలు; ఆ ఇద్దరికీ నెల నెలా అంతా సక్రమంగా ఉండాది. ఈశ్వరప్ప రచ్చకట్ట మీద కూర్చొని, "ఈ పూసలకు సాయిబులోళ్లంటేనే ఇష్టం మాదిరి ఉండాది, మన ఇండ్లల్లో పని చేయవు" అని తీర్పు చెప్పినాడు.

"సున్నతి చేసి పంపించినారేమో, ఒకసారి ఇప్పి చూడప్పా" అని రంజాన్ బీ నడుస్తానే జవాబిచ్చింది.

మస్తానాబీ దండ పొయ్యి పక్కన, గరిటెలు తగిలించే మేకుకు వేలాడతాంది. పొగకు నల్లబడింది. పొయ్యి ముట్టించేటప్పుడు ఒకటి తోస్తాదంట, ఏ దినమైనా సరే. ఆడ నుంచి మారెమ్మ ఇంటికి పోయినాం. రంజాన్ బీ, నేను ఎప్పటి మాదిరే అరుగు దగ్గర ఆగినాం. "నీ దండ ఏదమ్మా?" అని మద్రాసమ్మ అడిగింది. మారెమ్మ చెంబు తీసుకొని కాళ్లు కడుక్కొని, తడిచెయ్యి కండ్లకు అద్దుకొని లోపలికి పోయింది. ఆమె వెనకే మద్రాసమ్మ కూడా పోయింది. గడప బయట నుంచి మెడ సాచి నేనూ చూసినా.

దేవుని పటం మేకుకు ఉండాది దండ. పసుపు పూసి, పెద్దపూసకు కుంకుమ పెట్టినారు. ఒంటి గది ఇల్లు అది. ముగ్గురు పిల్లకాయల చెయ్యి పడని చోటు ఆ ఇంట్లో అదొక్కటే. భద్రంగా పెట్టుకో అని చెప్పింది నేనే కదా!

"బయట ఉండే దినాల్లో దీన్ని ఎవరు తోస్తారు?" అని మద్రాసమ్మ నెమ్మదిగా అడిగింది.

మారెమ్మ బిత్తరపోయింది. "ముట్టులో దేవుని మేకు ఎట్ల తాకుతానమ్మా? నాలుగోనాడు తలకు పోసుకొని వచ్చి పెద్దపూస కాడ మొదలుపెడతా."

"మరి రోజూ తోస్తాండా అని చెప్పినావే?"

"తోస్తాండా కదమ్మా! ఇంట్లో ఉన్న దినం ఒక్కటి కూడా తప్పలా."

మూడు దినాలు. వేళ్లు మడిచి రెండుసార్లు లెక్కపెట్టినా. దండ మొత్తం మూడు దినాలు వెనక నడిచింది. ఎర్రపూస రావాల్సిన దినాల్లో పచ్చపూస కనబడింది, మిగతా ఇండ్లల్లో కూడా ఇంతే అయ్యుంటాది. ఆరు నెలలు ప్రతి ఇంటి ముందర నిలబడి, రోజూ తోస్తాండావా అని అడిగినానే గానీ, ఏ దినం మొదలుపెట్టినావు, యాడ తగిలించినావు అని ఒక్కసారన్నా అడిగినానా? వాళ్ల తప్పు గోరంత కూడా లేదు. నర్సు చదువు చదివిన నాకే బుద్ధి లేదు.

రంజాన్ బీ నన్ను తిడతాదని కాచుకున్నా. తిట్టలా. అరుగు మీద కూలబడి, "నేను మాత్రం గడప దాటినానా? ముప్పై ఏండ్లుగా బయట వసారాలోనే వీళ్ల కడుపుల్లో చెయ్యి పెడతాండా. దేవునిమూల యాడుందో నాకూ తెలీదు" అనింది.

మారెమ్మ మొగుడు ఎర్రప్ప చేను నుంచి ఉరుక్కుంటా వచ్చినాడు. రంజాన్ బీ వాని మీద విరుచుకుపడింది. వాడు శెనక్కాయ మట్టి చేతులతోనే కండ్లు తుడుచుకుంటా, "పచ్చపూస చూసినాకనే పోయినానమ్మా, మారెమ్మ మీద ఒట్టు. ఎర్రపూస ఉన్నన్ని దినాలు చావిడి పక్కన పడుకున్నా" అన్నాడు. సిగ్నలు చూసి నిలబడిన మొగోడు మా ఊర్లోనే ఉండాడు పాపం! తప్పు సిగ్నలు పెట్టింది మేము.

"అక్కా, నేను సస్తానా?" అని మారెమ్మ నన్ను అడిగింది. నేను రంజాన్ బీ వైపు చూసినా.

"నోర్ముయ్. సావడమంటే అంత సులువనుకున్నావా, నేనుండగా?" అని రంజాన్ బీ గదమాయించింది. కానీ నలిపిన పొగాకు నోట్లో పెట్టుకోవడం మరిచి మళ్లా కొంగున కట్టుకుంది, నేను చూసినా.

ఆ సాయంత్రమే మద్రాసమ్మ తన కాగితంలో, ఈ పని ఇట్ల జరగకూడదు, దండలన్నీ వెనక్కి తీసుకోవాల అని రాసి మాకు చదివి వినిపించింది. బ్లాకాఫీసరు వినకుండా బయటికి పోయినాడు. ఆ ఆరుమంది కాన్పుల సంగతి తాను చూసుకుంటానని రంజాన్ బీ చెప్పింది. మారెమ్మని మాత్రం తెల్లారి తన జీపులోనే అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకొని పోతానని మద్రాసమ్మ మాట ఇచ్చింది.

మూడోదినం పొద్దున జీపు వచ్చి నిలబడింది. మారెమ్మ ఇంట్లో లేదు. అత్త హనుమక్క వాకిలి ఊడుస్తాంది. మారెమ్మ యాడ అని అడిగితే, చీపురుతో చావిడి వైపు చూపించింది.

రంజాన్ బీ ఉరికింది. నడుమునొప్పి మనిషి, చీర మోకాళ్లపైకి ఎగదోసుకొని ఉరికింది. వెనక నేను, నా వెనక మద్రాసమ్మ, అందరి వెనక ఎందుకో తెలియకుండానే బ్లాకాఫీసరు. గంగప్ప ఎద్దుల పక్కన, మూలన, మోకాళ్లు దగ్గరికి లాక్కొని కూర్చోనుండాది మారెమ్మ. నవ్వుతాందో ఏడుస్తాందో ఆ పిల్లకే తెలీదు.

"వచ్చింది అవ్వా!" అని అరిచింది. నేను పోయి గట్టిగా కరుచుకున్నా. "అంటు అక్కా, అంటు" అంటాంది. అంటుకోనీలే అన్నా.

రంజాన్ బీ వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. కాసేపటికి రోట్లో నువ్వులు, బెల్లం దంచిన చప్పుడు వీధంతా వినబడింది. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు పెట్టే చిమ్మిలి అది. గిన్నె నిండా తెచ్చి, "మారెమ్మ పెద్దమనిషి అయిందే! రాండే, చూడండే!" అని దారి పొడుగునా కేక పెట్టింది. ముగ్గురు బిడ్డల తల్లి పెద్దమనిషి కావడమేందని ఆడోళ్లంతా పనులు వదిలి వచ్చినారు, సంగతి తెలిసి నవ్వుతానే ఏడ్చినారు. ఎర్రప్ప చావిడి గోడ బయట నిలబడి ఉంటే, వానికి ఒక ముద్ద విసిరేసింది. మద్రాసమ్మ తానే చెయ్యి చాపి ఒక ముద్ద తీసుకొని తినింది.

మారెమ్మ నోటి నిండా చిమ్మిలి పెట్టుకొని, నా వైపు కాదు, రంజాన్ బీ వైపు చూసి అడిగింది.

"అవ్వా, బతికినానా?"

"ఈ నెలకు బతికినావు" అనింది రంజాన్ బీ. "తిను."