బావ ఆపిన ఆఖరి పెనాల్టీ

మొన్న మా ఊరు వెర్రిబీలో కూరగాయల కొట్లో కొత్తిమీర కట్టలు తిరగేస్తుంటే ఎవరో వెనక నుంచి భుజం పట్టుకుని లాగారు. చూద్దును కదా, ఒకప్పుడు ఫుట్‌బాల్ మైదానంలో నా పక్క కుర్చీలో కూర్చునే ఇటాలియన్ పెద్దావిడ. నేనెలా ఉన్నానని కాదు, మన గోల్ కీపర్ మోకాలు ఎలా ఉందని అడిగింది. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో నా హోదా ఇదే లెండి, కీపర్ గారి బామ్మర్దిని.

ఆ కీపర్ మా అక్క మొగుడు. తొమ్మిదో తరగతితో చదువుకి దణ్ణం పెట్టేసి, మా ఆవిడ నర్సు వీసా మీద ఆవిడ సూట్‌కేసులతో పాటు దిగిన నాకు మొదట్లో ఇక్కడ ఆదివారమంటే దిక్కు తోచేది కాదు. అప్పుడు బావ తన మ్యాచ్‌కి లాక్కెళ్లాడు. వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కునికే మనిషి, గ్లౌజులు తొడిగితే చాలు, పిట్ట మీదికి దూకే పిల్లిలా మారిపోయేవాడు. గోల్ పడినా ఏడవడు, నెట్‌లోంచి బంతి తీసుకుంటూ మా వైపు చూసి ఒక నవ్వు నవ్వేవాడు, ఆ నవ్వు కోసం ఇంకో గోల్ పడినా పర్లేదనిపించేది.

హాఫ్ టైంకి జట్లు వైపులు మారతాయి కదా, మేమూ కుర్చీలు, అక్క పులిహోర గిన్నె, పెద్దావిడ కమలాపళ్లు మోసుకుని మైదానం చుట్టూ ఊరేగింపుగా వెళ్లి మళ్లీ బావ వెనకే కాపురం పెట్టేవాళ్లం. అక్కణ్ణుంచి నేను తెలుగులో సలహాలు అరిచేవాణ్ణి, అవతలి వాళ్ల నడక మీద, నిక్కర్ల మీద నా అభిప్రాయాలు కూడా. తెలుగు ఎవడికి తెలుస్తుందిలే అని ధీమా. పెనాల్టీ వస్తే ఎటు దూకాలో కూడా నేనే చెప్పేవాణ్ణి. ఆపితే నా సలహా, ఆపకపోతే ఆయన మోకాలు.

చివరికి ఆ మోకాలే మొరాయించింది. డాక్టరు ఇక చాలన్నాడు, అక్క ఒట్టు వేయించుకుంది, ఆ సీజన్ చివరి మ్యాచే బావకీ ఆఖరిది. ఓడితే జట్టు కింది డివిజన్‌కి పడిపోతుంది, డ్రా అయితే నిలుస్తుంది. పోతూ పోతూ జట్టుని ముంచిపోయాడన్న మాట మిగులుతుందేమోనని బావ వారం రోజులు సరిగా అన్నం తినలేదు. చెరో గోల్‌తో సమానంగా ఉండగా, ఆఖరి నిమిషంలో అవతలి వాళ్లకి పెనాల్టీ! అక్క చూడలేక వెనక్కి తిరిగిపోయింది. జుట్టుకి ఎర్రటి రంగేసుకున్న కుర్రాడొకడు బంతి పెట్టాడు. నేను వాడి కాళ్లు చూసి గొంతు చించుకున్నాను. "బావా, ఎడమకి! ఈ రాగిచెంబుగాడు ఎడమకే కొడతాడు!"

రాగిచెంబు అనగానే వాడి చెయ్యి తన జుట్టు మీదికి పోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాడు మనవాళ్ల పిల్లాడు! ఇక్కడే పుట్టి, నోట తెలుగు రాకపోయినా చెవికి ఒక్క ముక్క పొల్లుపోని రకం. బావ బంతి మీంచి చూపు తిప్పలేదు. వాడు నిశ్చింతగా కుడికి కొట్టాడు.

బావ కుడికే దూకాడు.

పెద్దావిడ కమలాపళ్లన్నీ గాల్లోకి విసిరేసింది, అక్క ఇటు తిరక్కుండానే ఏమైందిరా ఏమైందిరా అని కేకలు. బావ కుంటుకుంటూ వచ్చి నా మెడ మీద వాలాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, నువ్వు ఎడమన్నావు కాబట్టే కుడికి దూకాను. ఇన్నేళ్లలో నీ మాట ఒక్కటైనా నిజమైందిరా?"

"నాట్ ఫెయిర్ అంకుల్, యూ సెడ్ లెఫ్ట్!" అంటూ ఆ కుర్రాడూ వచ్చాడు. వాడి ఉక్రోషం తీరడానికి రెండు ప్లేట్ల పులిహోర పట్టింది.

ఇప్పుడు ఆ మైదానంలో సగం కుర్చీలు మనవాళ్లవే. నోరు జారితే పక్క కుర్చీలో ఆ ఆటగాడి తల్లే ఉంటుంది, అందుకని బుద్ధిగా చప్పట్లు కొడుతున్నాను. ఇంతమందిమి అయ్యామంటే సంతోషమే. కానీ ఒక్క మాట, మన ఈడు వాళ్లతో కాక ఎవరితో చెప్పుకోను? ఇవాళ నేను అరిస్తే వందమందికి అర్థమవుతుంది. ఆ రోజుల్లో, నాకు తెలిసినంతలో, మైదానంలో ఆడేవాళ్లలో ఒక్కడికే అర్థమయ్యేది, ఆ ఒక్కడూ వినేవాడు కాదు. అయినా అప్పుడే హాయిగా అరిచేవాణ్ణి.