ప్రార్థన మధ్యలో ఆమెన్

మా వాళ్ళలో ఒక మనిషిని నలుగురి ముందు నిలబెట్టి కడిగెయ్యాలంటే అరవనక్కరలేదు, వేలు చూపించనక్కరలేదు. కళ్ళు మూసుకుని "ప్రభువా" అని మొదలుపెడితే చాలు. "ప్రభువా, ఈ ఇంట్లో అత్తగారి మాట లెక్కచేయని కోడలున్నది, నీకు తెలుసు తండ్రీ" అంటారు. తెలిసిన సంగతి మళ్ళీ ఆయనకెందుకు చెబుతున్నారని ఎవరూ అడగరు. ఆ కోడలు తిరిగి మాట్లాడకూడదు, ప్రార్థన జరుగుతోంది కదా. తల వంచుకుని అంతా విని, చివర్లో అందరితోపాటు ఆమెన్ కూడా చెప్పాలి. తిట్లు తిన్నవాళ్ళే రసీదు కూడా రాసివ్వాలన్నమాట.

ఎవరో చేశారని వాళ్ళ మీద పడి ఏడవడానికి లేదు. నేనూ చేశాను. బడిలో పంతులమ్మని. పాలకొల్లులో మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి ఎనిమిదేళ్ళు కార్యదర్శిగా ఉన్నాను. కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో నాకు పేరు. ఆ కోపాన్ని ఎన్నిసార్లు ప్రార్థనలో కలిపి వడ్డించానో నాకే గుర్తులేదు. అది నా తమ్ముడి విస్తట్లో పడిన రోజున గానీ దాని రుచి ఏంటో నాకు తెలియలేదు.

నా తమ్ముడు దేవుణ్ణి నమ్మడు. బస్టాండు వెనక వాడికి మోటార్లు చుట్టే షాపు ఉంది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాడి దగ్గరికే తెస్తారు. వయసులో ఉన్నప్పుడు నోటి దురుసు వాడికీ ఉండేది. తుఫానుకు వరి పడిపోయిన ఏడు, క్రిస్మస్ భోజనాల దగ్గర పాస్టరు గారిని పట్టుకుని "ఇది మీ దేవుడికి కనబడలేదాండీ" అని అడిగి, పాపం ఆయనకు ముద్ద దిగకుండా చేశాడు. నేనూ తక్కువ తినలేదు. ఇరవై ఏళ్ళపాటు వాడి చొక్కా జేబులో కరపత్రాలు కుక్కాను. ఫోన్లొచ్చాక తెల్లారకముందే వాక్యాలు పంపాను. "అక్కా, నీ కరపత్రం కాగితం మంచిదే, గ్రీజు బాగా పీలుస్తోంది" అనేవాడు. ఈ ఇరవై ఏళ్ళలో "నువ్వెందుకు నమ్మవురా" అని మాత్రం నేను అడగలేదు. జవాబు నా దగ్గరే ఉందనుకున్నాను.

మా అమ్మ ఊడ్పుల కూలీ. పెళ్ళయి నేను పుట్టాక, చర్చి అరుగు మీద కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. సొంతంగా వాక్యం చదువుకోవాలన్న ఒక్క కోరికతో నేర్చుకుంది. అలాంటి మనిషికి షుగరు వల్ల చూపు పోయింది. ఆ తరవాత బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. మా ముందు గదిలోనే మంచం వేశాం. రోజూ సాయంత్రం ఆరింటికి తమ్ముడు షాపు కట్టేసి వచ్చేవాడు. అమ్మను పక్కకు ఒత్తిగిల్లజేసి, వీపుకు పౌడరు రాసి, దుప్పటి మార్చేవాడు. తరవాత మోటార్లకు పూసే వార్నిష్ వాసన పోయేదాకా సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునేవాడు. అప్పుడు అమ్మ నల్ల అట్ట బైబిలు తీసి, ఆమె అడిగిన కీర్తన చదివేవాడు. గొంతు పెంచేవాడు కాదు, రాగం తీసేవాడు కాదు. అమ్మ పెదవులు కదుపుతూ వినేది.

వాడు ఏదో పెళ్ళికి పెద్దాపురం వెళ్ళిన రోజున నేను చదివాను. రెండు వరసలు కాకుండానే అమ్మ చెయ్యి ఊపింది. "నువ్వు సదవట్లేదే, పాఠం సెప్తున్నావు. ఆడు సదివితే నాకు అచ్చరాలు కనపడతాయి" అంది. నాకు ఒళ్ళు మండింది. నమ్మేది నేను, కనబడేది వాడు చదివితేనా?

మా సంఘంలో గురువారం గృహ కూడికలు జరుగుతాయి. ఒక్కో వారం ఒక్కో ఇల్లు. మా ఇంటి వంతు వచ్చింది. ఆ ఇంటివాళ్ళు ముందుగా ప్రార్థన మనవులు చీటీ మీద రాసి సంఘపెద్దకు ఇవ్వాలి. అమ్మ తుంటి గురించి రాశాను. రాసి ఊరుకోవచ్చు కదా. కింద ఇంకో వరస చేర్చాను, "నా తమ్ముడి మారుమనస్సు కోసం" అని. బల్ల మీద పెట్టి, దాని మీద కళ్ళజోడు పెట్టెను బరువు ఉంచాను.

ఆ కూడికకు కుర్చీలు తెచ్చింది ఎవరనుకున్నారు? తమ్ముడే. మూలపడి ఉన్న టేబుల్ ఫ్యాను విప్పి బాగుచేసి, గాలి అమ్మ మీదకు కాకుండా వచ్చినవాళ్ళ మీదకు తిప్పింది కూడా వాడే. అందరూ కూర్చున్నాక తాను అమ్మ మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

పాస్టరు గారు ఊళ్ళో లేరు. సంఘపెద్ద వచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, మేమంతా మాస్టారు అంటాం. పాటలయ్యాయి. ఆయన లేచి, నా చీటీ చూసుకుని, కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, ఈ తల్లి ఎముక ఎందుకు అతకడం లేదో నీకు తెలుసు తండ్రీ. ఈ గడప లోపల అవిశ్వాసమున్నది. తన చేతిపనిని, తన తెలివిని నమ్ముకున్నవాడున్నాడు. సాతాను వాడి నోట నీ వాక్యాన్ని పలికిస్తూ ఈ తల్లిని మోసం చేస్తున్నాడు" అన్నారు. "అవును ప్రభువా" అని గదంతా పలికింది.

నేను కళ్ళు తెరిచాను. అంతమందిలో కళ్ళు తెరిచి ఉన్నది తమ్ముడొక్కడే. వాడు నా వైపే చూస్తున్నాడు. నేనేదైనా అంటానని చూశాడు. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పిల్లాడు పక్కవాడి పలక లాక్కుంటే తరగతి అదిరేలా అరిచే మనిషిని, నా తల్లి వీపు తుడిచేవాణ్ణి నా ఇంట్లో సాతానుతో కలిపి తిడుతుంటే కుక్కిన పేనులా పడి ఉన్నాను. ప్రార్థన కదా, అడ్డు రాకూడదు కదా అనుకున్నాను. అయ్యాక టీలు అందించింది కూడా తమ్ముడే. మాస్టారు గ్లాసు అందుకుని, వాడి భుజం తట్టి, "ఏంటి బాబూ, వ్యాపారం బాగుందా" అని నవ్వారు. కళ్ళు మూసుకుంటే సాతాను, తెరిస్తే బాబు! వాడు "బాగుందండి" అని, కుర్చీలు బండి మీద వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి వాడు పొద్దున్నే వచ్చేవాడు. షాపు తీయకముందే వచ్చి అమ్మ పనులన్నీ చేసేవాడు. సాయంత్రం మాత్రం రాలేదు. అడిగితే, "నేను చదవబట్టే ఎముక అతకడం లేదంటున్నారు కదక్కా. ఇక నేనెందుకు ముట్టుకోవాలి ఆ పుస్తకాన్ని?" అన్నాడు. ఆరు కొట్టేసరికి అమ్మ తల గుమ్మం వైపు తిరిగేది. బండి చప్పుడు వినిపిస్తే చెవులు రిక్కించేది. నేను చదువుతానంటే, "వద్దులే, బడిలో అరిసి అరిసి వచ్చావు" అనేది. డాక్టరు గారు అప్పటికే మాతో చెప్పారు, ఈ వయసులో మంచాన పడితే ఎక్కువ రోజులు ఆశపడొద్దని. ఉన్న కాసిని సాయంత్రాలూ అలా ఒక్కొక్కటే పోతుంటే నేను గడియారం చూస్తూ కూర్చున్నాను.

షాపుకు వెళ్ళాను. "మాస్టారు నీ మంచికే అన్నార్రా" అన్నాను. చూశారా నా తెలివి! పుండు మీద కారం చల్లడానికి ఆటో ఎక్కి మరీ వెళ్ళాను. వాడు లోపలికి వెళ్ళి గ్రైండింగ్ మిషను ఆన్ చేశాడు.

ఇరవయ్యో రోజున మళ్ళీ వెళ్ళాను. వాడు రాగి తీగ చుడుతూ, నోట్లోనే చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ సమయంలో వాణ్ణి పలకరించకూడదు. లెక్క తప్పితే చుట్టిందంతా విప్పాలి. స్టూలు లాక్కుని కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం నాకు అలవాటు లేని పని. వాడు ఆ చుట్ట ముగించి దారంతో కట్టేసరికి, దారిపొడుగునా నేను కూడబలుక్కున్న ఉపన్యాసం చప్పబడిపోయింది.

"నువ్వెందుకు నమ్మవురా?" అన్నాను.

వాడు నన్ను అనుమానంగా చూశాడు. "అడిగి ఊరుకుంటావా?"

"ఊరుకుంటాను."

"నాన్న పోయినందుకని అందరూ అనుకుంటారు. కాదక్కా. నాన్న ఉన్నా ఇంతే. చిన్నప్పుడు నేనూ నీ పక్కనే మోకరించాను కదా. అవతల ఎవరో వింటున్నారని నాకెప్పుడూ అనిపించలేదు. మీరంతా వింటున్నాడంటే నేనూ అన్నాను కొన్నేళ్ళు. తరవాత అబద్ధమాడుతున్నాననిపించింది. మానేశాను. అంతే."

నా నాలుక మీదకు నాలుగు వాక్యాలు ఒకేసారి వచ్చాయి. ఊరుకుంటానని మాటిచ్చాను కాబట్టి మింగాను. "మరి అమ్మకు చదివేటప్పుడు?" అని మాత్రం అడిగాను.

"అమ్మ వింటుంది కదా" అన్నాడు.

తీగ కొస కత్తిరిస్తూ మళ్ళీ వాడే అన్నాడు, "నన్ను తప్పంటే పడతానక్కా. నా మొహం చూసి అనండి. నేనూ ఏదో ఒకటి అంటాను, మీరు దానికి కోపం తెచ్చుకుంటారు, అది వేరు. నన్ను పక్కన నిలబెట్టుకుని, నేను లేనట్టు, నా మీద ఆయనకు చెప్పకండి."

"ఆ చీటీ రాసింది నేనేరా" అన్నాను.

"తెలుసు. బల్ల మీద చూశాను. బోర్డు మీద రాసే గుండ్రటక్షరాలు నీవి కాక ఎవరివి?"

"ఎప్పుడు చూశావు?"

"కుర్చీలు తేవడానికి వెళ్ళేముందు."

అంటే చూసి కూడా కుర్చీలు తెచ్చాడు. ఫ్యాను తిప్పాడు. టీలు ఇచ్చాడు. నేను ఆ స్టూలు మీద కూర్చునే ఏడ్చాను. వాడు చేతులు తుడుచుకుని, ఆ సాయంత్రం నాతోపాటే ఇంటికి వచ్చాడు. అమ్మ ఏ కీర్తన కావాలో చెప్పింది.

నెల గడిచింది. ఒక సాయంత్రం మాస్టారు నలుగుర్ని వెంటబెట్టుకుని అమ్మను చూడ్డానికి వచ్చారు. తమ్ముడు చదువుతున్నాడు. ముగిసేదాకా ఆగి, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అందరూ తలలు వంచారు. "ప్రభువా, పెదవులతో చదివి హృదయంలో నిన్ను ఎరగని ఈ కఠినుణ్ణి..."

"ఆమెన్!" అన్నాను.

బడిలో ప్రేయర్ బెల్లు కొట్టాక ఎలా అరుస్తానో అలా అరిచాను. అలవాటు గొప్పది. నలుగురూ "ఆమెన్" అనేశారు. మాస్టారి నోట కూడా వచ్చేసింది. అందరూ కళ్ళు తెరిచి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ప్రార్థన అయిపోయిందండి" అన్నాను. "ఇప్పుడు చెప్పండి మాస్టారూ. మీరు చెప్పే కఠినుడు ఎదురుగానే ఉన్నాడు. వాడి మొహం చూసి ఆ మాట అనండి. వాడు జవాబు చెబుతాడు, మీరూ వినండి."

మాస్టారి మొహం కందగడ్డయింది. "ప్రార్థనకు అడ్డొచ్చావమ్మా. ఇది చిన్న పాపం కాదు" అన్నారు.

"ప్రార్థనకు అడ్డు రాలేదండి. చాడీకి అడ్డొచ్చాను."

తమ్ముడు కుర్చీ ఆయన దగ్గరకు జరిపాడు. "కూర్చోండి మాస్టారూ. నా సంగతి తెలుసుకోవాలనుంటే చెబుతానండి. మీ సంగతి మీరు చెప్పండి. తొందరేం లేదు" అన్నాడు. వెటకారం లేదు వాడి గొంతులో, నేను వెతికాను. ఆయన కూర్చోలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషికి ఒక్క మనిషి ఎదురుగా కూర్చుని రెండు ముక్కలు మాట్లాడటం చేతకాలేదు. ఆ తరవాత స్త్రీల సమాజంలో నా పదవి పోయింది. పోతే పోయింది. తరవాతి గురువారం కూడికలో నా కోసం కూడా ప్రార్థన చేశారట, కళ్ళు మూసుకుని.

రెండో పంట దాళ్వా కోతల రోజుల్లో అమ్మ పోయింది. ముందు రోజు దాకా తమ్ముడు చదివాడు. పోవడానికి కొద్ది రోజుల ముందు, తల దువ్వుతూ అమ్మను అడిగాను, "వాడు మారాలని నువ్వెప్పుడైనా ప్రార్థన చేశావా?"

"మొదట్లో సేసేదాన్ని. తరవాత మానేశాను. అది ఆడూ దేవుడూ సూసుకుంటారులే. నేనడిగేది ఒకటే. రేపు సాయంత్రం ఆడు రావాలని."

"వాడు రాని ఆ పందొమ్మిది రోజులూ?"

"అప్పుడూ అదే అడిగాను" అంది.

పందొమ్మిది సాయంత్రాలు నా తల్లి దేవుణ్ణి ఒకే ఒక్కటి అడిగితే, దానికి అడ్డంగా నా గుండ్రటక్షరాల చీటీ ఉంది. మాస్టారి మీద కోపం ఎప్పటికైనా చల్లారుతుందేమో, దీని మీద చల్లారదు. నేనింకా చర్చికి వెళ్తున్నాను, ఇంకా నమ్ముతున్నాను. ఎవరి గురించైనా ప్రార్థన మొదలుపెడితే మాత్రం కళ్ళు మూసుకోను. ఆ మనిషి ఎక్కడున్నారో వెతికి, వాళ్ళ మొహం చూస్తూ నిలబడతాను.