అటు ఎంత దాక, ఇటు ఎంత దాక

కాదు, మా అమ్మ క్లాసులో ఆ పిల్ల రాసింది తప్పు కాదు. ఇప్పటికీ అదే అంటాను. నా చిన్నప్పుడు పక్క గెలాక్సీలో పేలుతూ కనిపించిన సూపర్‌నోవా ఎంత దూరంలో ఉందన్నది పరీక్షలో ప్రశ్న. లక్షా డెబ్బై వేల కాంతి సంవత్సరాలని అమ్మ దగ్గరున్న జవాబుల కీలో ఉంది. ఆ పిల్ల లక్షా అరవై వేలని రాసింది. అమ్మ ఇంటూ పెట్టింది.

మేం సిటీ వదిలి పటాన్‌చెరు వచ్చిన కొత్త. అమ్మ అక్కడ ప్రైవేటు స్కూల్లో సైన్స్ టీచరు. నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేస్తూ రోజూ సిటీకి తిరిగేదాన్ని.

"ఇంటూ ఎందుకు వెట్టినవమ్మా? రెండు లెక్కలూ పుస్తకాలల్ల ఉన్నయి."

"కీల లేదు గద బిడ్డా."

"కీ రాసినోడు టేపు వట్టి కొలిచిండా? గక్కడి చుక్కల వెలుగు సూసి దూరం కడతరు. నడుమ దుమ్ముంటే మసకగ కనవడ్తయి, ఇంకా దూరమనిపిస్తది. మనింటి ముంగటి కంపెనీ గేటు లైటు పొగల కనవడ్డట్టు. అందుకే లెక్క అటు ఇటు అయితది."

నా అరుపులు భరించలేక అమ్మ ఇంటూ కొట్టేసి మార్కు వేసింది. దాంతో ఆ పిల్ల క్లాసు ఫస్టయింది.

మర్నాడు నేను బస్సులో మెసేజ్ కొట్టుకుంటుంటే అమ్మ ఫోను.

"నువ్వు చెప్పిందే చెప్తే క్లాసంత నా మీద వడ్డరే. ఒకడు లక్షా తొంభై వేలు రాసిండు, ఇంకొకడు లక్షన్నర. 'మాది గూడ అటు ఇటే గద మేడం' అంటున్నరు. హెడ్మాస్టర్ సారు పక్కనే నిలవడ్డడు. జల్దీ చెప్పు, అటు ఎంత దాక ఇయ్యాలె? ఇటు ఎంత దాక?"

నాకు తెలియదు. కొలిచినవాళ్లే తమ లెక్కలో ఎంత పొరపాటు ఉండొచ్చో తలా ఒక హద్దు పెట్టుకున్నారు. ఒకరి హద్దులోకి ఇంకొకరి లెక్క రాదు. ఆ మాటే నెమ్మదిగా చెప్పి ఉండొచ్చు.

"గదే ఎరుకుంటే గింత లొల్లెందుకు? నన్ను పరేషాన్ చెయ్యకు" అని కట్ చేశాను. మళ్లీ మోగింది. ఎత్తలేదు.

హెడ్మాస్టర్ ముందు అమ్మ ఆ మార్కు వెనక్కి తీసుకుంది. ఫస్టు ఇంకొకరికి పోయింది.

సాయంత్రం అడిగాను, "ఆ పిల్ల ఏమన్నది?"

"'నిన్న కరెక్టుండె గద మేడం' అన్నది. ఇగ ఏడ్సింది." అమ్మ నా మొహం చూడకుండా బియ్యం కడుగుతోంది.

ఇంటూ ఉన్నంతసేపు ఆ పిల్లకి పోయింది ఒక్క మార్కే. నేను ఇప్పించడం వల్ల ఫస్టు వచ్చి పోయింది, పదిమందిలో ఏడ్చింది. ఫోను ఎత్తకపోవడం నా తప్పే, కాదనను. కానీ లక్షా అరవైకి మార్కు ఇచ్చి లక్షా తొంభైకి ఇవ్వకూడదంటే గీత ఎక్కడ గీయాలి? అమ్మకి తెలియాల్సిందని అనేవాళ్లు, ఏదీ, మీరు గీసి చూపిస్తారా?