సంతకానికి ముందు భోజనం

ఇంతకుముందే పక్క ఫ్లాట్‌లో ఎవరో పప్పుచారుకి పోపు పెట్టారు. ఎండుమిర్చి, వెల్లుల్లి వేగిన ఘాటు కిటికీలోంచి వచ్చి నాకు పొలమారింది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. నన్ను తలుచుకునేవాళ్ళు ఎవరున్నారు కనుక? నేనే అనసూయక్కను తలుచుకున్నాను.

డెబ్బైల నాటి మాట. కృష్ణా జిల్లా నుంచి పట్నం వచ్చి, ఉప్పుగూడలో ఒక గది అద్దెకు తీసుకుని, ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా చేసేదాన్ని. అమ్మా నాన్నా లేరు. అన్నయ్య ఉన్నా మాటల్లేవు. ఆదివారం పొద్దున పాలవాడితో ఒక ముక్క మాట్లాడితే, మళ్ళీ నోరు విప్పేది సోమవారం ఆఫీసులోనే. నా యాసకు ఎవరైనా నవ్వుతారేమోనని ముందే మూతి ముడుచుకుని కూర్చునేదాన్ని. దాన్నే అభిమానం అనుకునేదాన్ని, ఎంత తెలివో చూడండి.

అనసూయక్క మా సెక్షన్‌లో సీనియర్ గుమాస్తా, ధూల్‌పేట మనిషి. గొంతు పెద్దది, ఫైలు అడిగినా పోట్లాటకు వచ్చినట్టే ఉండేది. ఉద్యోగుల పరపతి సంఘానికి ఆవిడే కార్యదర్శి. జీతాల రోజున కొత్తవాళ్ళని పట్టుకుని వదిలేది కాదు. నెలనెలా జీతంలోంచి కొంచెం పొదుపు కింద పోతుంది, అది మన సొమ్మే. కష్టమొస్తే బయటివాళ్ళ వడ్డీలో సగం కూడా లేని వడ్డీకి అప్పు దొరుకుతుంది. మిగిలిన లాభం ఏడాది చివర మనమే పంచుకుంటాం. ఇదంతా చెప్పి, "ఆఫీసరుకు ఒక్కటే ఓటు, అటెండరుకు ఒక్కటే ఓటు. ఈ ఆఫీసుల గిట్ల ఇంకేడన్న ఉందా?" అని ముగించేది.

నేను మాత్రం చేరలేదు. ప్రవేశ రుసుము, ఒక వాటా సొమ్ము కట్టడం నాకు కష్టం కాదు. దరఖాస్తు మీద ఇద్దరు సభ్యులు "ఈమె మాకు తెలుసు" అని సంతకం పెట్టాలి. అప్పు తీసుకుంటే ఆ ఇద్దరే జామీను, నేను ఎగ్గొడితే వాళ్ళ జీతంలో కోస్తారు. అలాంటి సంతకం ఎవరినని అడగను? ఆ ఒక్కదానికి భయపడి ఏళ్ళు గడిపేశాను.

అలాంటి సమయంలో కడుపునొప్పి పట్టుకుంది. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, ఆపరేషన్ ఆలస్యం చెయ్యొద్దన్నారు డాక్టరు. ఆఫీసు ఇచ్చే వైద్యఖర్చు బిల్లు పెట్టాక ఎప్పటికో వస్తుంది, ముందు కట్టుకోవాల్సింది నేను. దిక్కులేక దరఖాస్తు పట్టుకుని అనసూయక్క బల్ల ముందు నిలబడ్డాను.

"నాకిక్కడ ఎవరూ తెలియదండీ. మీరైనా ఒక సంతకం పెడతారేమోనని."

ఆవిడ కాగితం అందుకోలేదు. "ఇన్నేండ్ల సంది ఎదురుంగనే కూసుంటున్నవు. ఒక్కనాడన్న అక్కా అన్నవా? తెల్వని మనిషిని తెలుసని ఎట్ల రాస్త? ఐతారం మీ ఇంటికొస్త. నీ చేతి బువ్వ తిన్నంక చూద్దాం."

చెప్పినట్టే ఆదివారం వచ్చింది. అన్నం, పప్పుచారు, బెండకాయ వేపుడు చేశాను. చాప పరిచి, కంచంలో వడ్డించి, పక్కన నిలబడ్డాను.

"నువ్వు తినవా?"

"తర్వాత తింటానండీ."

"ఇంకో కంచం లేదా ఏంది?"

"ఎవరూ రారు కదండీ, కొనలేదు."

ఆవిడ లేచి, అన్నం గిన్నె మూత తిరగేసి, అందులో అన్నం పెట్టి చారు పోసి నా ముందుకు తోసింది. "కూసో. ఒక్కదానికి నాకు తినబుద్ధి గాదు." మూతలో చారు నిలుస్తుందా, సగం చాప మీదికి కారింది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను. అనసూయక్క తల వంచుకుని తింటూ, "కారం మస్తుగైంది పిల్లా" అంది.

మర్నాడు సంతకం పెట్టింది. రెండో సంతకం మాత్రం తాను అడగనంది. డిస్పాచ్ సెక్షన్‌లో కమల అని ఇంకో సభ్యురాలి పక్కన నన్ను కూర్చోబెట్టి, "ఇద్దరు కల్సి తినుండ్రి. ఎరికైతే ఆమెనే పెడతది" అని వెళ్ళిపోయింది. రోజూ డబ్బా పట్టుకుని కమల పక్కకు చేరడం మొదట్లో చచ్చేంత సిగ్గుగా ఉండేది. వారం తిరక్కుండానే కమలే దరఖాస్తు అడిగి తీసుకుని సంతకం పెట్టింది. కమిటీ నన్ను సభ్యురాలిగా చేర్చుకుని అత్యవసర అప్పు మంజూరు చేసింది.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు వచ్చి, "ఈమె తరఫున ఎవరున్నారు?" అంది. ఎవరూ లేరని చెప్పబోయాను. వరండాలో బెంచీ మీంచి అనసూయక్క లేచి వచ్చింది. రమ్మని నేను పిలవలేదు.

"నేనున్న."

"మీరు ఏమవుతారు?"

అక్క కొంచెం ఆలోచించింది. "జామీను" అంది.

నర్సుకి అర్థం కాలేదు. "అంటే?"

"ఈమెకేమన్నయితే నన్నడగాలె."

అప్పు తీరింది. అక్క రిటైరయింది, తర్వాత కొన్నేళ్ళకు పోయింది. నేను ఒంటరిగానే ఉండిపోయాను. ఆవిడ నా ఒంటరితనం తీర్చేసిందని చెబితే అబద్ధం అవుతుంది. సాయంత్రాలు ఇప్పటికీ భారంగానే గడుస్తాయి. ఆవిడ వల్ల నాకు వచ్చింది ఒక్కటే, అడగడం. మందుల షాపు దాకా నడవలేని రోజున కింది అంతస్తు వాళ్ళ తలుపు ముందు నిలబడతాను. తట్టబోయే ముందు చెయ్యి ఆగుతుంది, ఈ వయసులో కూడా. అయినా తడతాను.