గొడుగులు ముంచే మాస్టారు

మా మేడమీద అద్దెకుండే లెక్కల మాస్టారికి ఒక్కటే పిచ్చి. ఎక్కడ గొడుగు కనిపించినా దాన్ని సముద్రంలో ముంచాలి. వానరోజుల్లో ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వినిపిస్తే చాలు, మా వీధిలోని గొడుగులన్నీ మంచాల కిందికి పోయేవి.

“మాస్టారూ, నా గొడుగేదీ?” అని మా ఆవిడ ఒకసారి నిలదీసింది.

“పన్నెండు బారల లోతులో ఉంది పిన్నిగారూ. చక్కగా పనిచేస్తోంది.”

నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. అయినా ఈ రేవులో మొట్టమొదట పడవకు ఇంజను పెట్టించింది నేనే. ఒక్క పడవను మూడు చేసింది నేనే. పడవల సంఘానికి అధ్యక్షుణ్ణి చేస్తామని ఇంటికొచ్చి అడిగితే, రెండుసార్లు వద్దని మూడోసారి ఒప్పుకున్నది కూడా నేనే. ఇంతటివాడికి గొడుగు సంగతి అంతుచిక్కదా అని ఒకనాడు మేడెక్కాను.

తలుపు తోయగానే అట్టముక్క ఒకటి కంట్లో గుచ్చుకుంది. గది నిండా పైకప్పు నుంచి దారాలు. ప్రతి దారానికీ పైనుంచి కిందిదాకా అట్ట బాణాలు.

“కదలకండి బాబాయిగారూ. మీరిప్పుడు సముద్రంలో ఉన్నారు. తల తేలుతోంది, కాళ్లు అడుగున ఉన్నాయి.”

“బతుకుతానా?”

“బతుకుతారు గానీ చూడండి. నీళ్లలో ఏ చోటు తీసుకున్నా, అక్కడ నీరు ఎటు పోతోందో ఒక బాణం పెట్టొచ్చు. వేగం ఎక్కువైతే పొడుగు బాణం. మీ చెవి దగ్గరవన్నీ కిటికీ వైపున్నాయా? మోకాలి దగ్గరవి చూడండి.”

అవన్నీ తలుపు వైపున్నాయి. పైన ఒక దారి, కింద ఇంకో దారి. ఆ కింది దారి కనిపెట్టడానికే గొడుగులట. సీసాకు తాడు, తాడు చివర తెరిచిన గొడుగు తలకిందులుగా. పైన సీసా తేలుతుంటే, లోతున గొడుగును పట్టుకుని నీరు లాక్కుపోతుంది. పడవెక్కితే ఆయనకు కడుపులో తిప్పుతుంది కాబట్టి చేపల వేటకు పోయేవాళ్ల చేతికిచ్చి వేయించేవాడు. సీసా ఎక్కడ కనిపించిందో వాళ్లొచ్చి చెబితే మేడమీద బాణం తిప్పుకునేవాడు. అంతటితో ఊరుకున్నాడా? ఒడ్డున ఆరేసిన వలలన్నీ టేపుతో కొలిచేవాడు.

“వలకి చొక్కా కుట్టిస్తారా మాస్టారూ?” అని రేవంతా నవ్వేది.

ఆ నవ్వు ఒకరోజు పొద్దున్నే ఆగిపోయింది. మా తమ్ముడి పడవ ఇంజను చెడి, మంచులో కనపడకుండా పోయిందని కబురొచ్చింది. గాలి ఉత్తరానికి గట్టిగా కొడుతోంది. రేవులో ఉన్న పడవలన్నీ ఉత్తరానికే పరుగెత్తాయి. నా పెద్ద పడవ నడిపే సరంగు ఇంజను తిప్పాడు.

అంతలో మాస్టారు ఒంటి చెప్పుతో పరుగెత్తుకొచ్చాడు. జుట్టులో ఒక బాణం చిక్కుకుని ఉంది.

“బాబాయిగారూ, వల నీళ్లలో ఉందా, లాగేశారా?”

“లెక్కలు చెప్పే వేళేనా ఇది?” అని సరంగు కసిరాడు.

“వల లేకపోతే పడవను గాలి తీసుకుపోతుంది. అప్పుడు ఉత్తరమే. వల కిందుంటే అది పెద్ద గొడుగు. కింది నీరు దక్షిణానికి లాగుతుంది.”

దక్షిణాన ఉన్నవి బండలు. చీకటి పడేలోగా పడవ వాటి మీదికి పోతే పలకలు కూడా మిగలవు.

“ఇంజను లేకుండా వల పైకి రాదు. ఆగినోడు ముందు దాన్ని కోసేస్తాడు” అన్నాడు సరంగు. “ఎవడైనా అంతే.”

మా మరదలు లంగరు తాడు వదలకుండా నిలబడింది. “బావగారూ, ఆయన కోస్తారా?”

వాణ్ణి పెంచింది నేను. వల పోగొట్టుకుని గడప తొక్కొద్దని నేర్పింది నేను.

“కోయడు” అన్నాను. “దక్షిణానికి తిప్పు.”

మాస్టారు కూడా ఎక్కేశాడు. రేవు దాటకముందే ఆయన తల పడవ అంచు మీద వేలాడింది. కడుపులోది కక్కుకోవడం, చెయ్యెత్తి దారి చూపించడం, మళ్లీ కక్కుకోవడం.

“ఆ చెయ్యి చూపించేది దారా, ఆయన బాధా?” అన్నాడు సరంగు.

మధ్యాహ్నం దాటింది. మంచు విచ్చినా పడవ జాడ లేదు. పొరపాటున తిప్పించానేమోనని మాటిమాటికీ వెనక్కి ఉత్తరం వైపు చూస్తున్నాను.

“మీ పడవ గొడుగు ఇటే వచ్చిందండీ” అని గొణిగాడు మాస్టారు.

“మా పడవ గొడుగేమిటి?”

“రేవులో ప్రతి పడవకీ ఒకటుంది. ఎవరి వల ఎంత లోతు దిగుతుందో అంత తాడు కట్టాను. ఎవరి పడవ ఆగిపోయినా ఎటు పోతుందో తెలిసుండాలి కదండీ.”

“ఇన్నాళ్లూ చెప్పరేం?”

“‘మీ పడవ తప్పిపోతే’ అని మొదలుపెట్టాలి. గొడుగు బదులు నన్ను ముంచేవారు.”

నిజమే. ముంచేవాణ్ణి.

సరంగు గట్టిగా కేకేశాడు. ఎదురుగా బండలు, తెల్లటి నురగ, దానికి ఇవతల మా పడవ. మా తమ్ముడు చొక్కా ఊపుతున్నాడు. దగ్గరికి పోయి తాడు విసిరితే పట్టుకున్నాడు.

“అన్నా, వల కోయలేదు.”

“కోసెయ్యరా.”

వాడు నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. “అన్నా, ఎవరు మాట్లాడేది?”

“నేనే. కోసెయ్.”

కోశాడు. తాడు బిగిసింది. ఇంజను మూలిగింది. రెండు పడవలూ నురగకు దూరంగా జరిగాయి.

అప్పుడు మాస్టారు తల పైకెత్తాడు.

“దిగులుపడకండి బాబాయిగారూ. బండల ముందు నీరు గుండ్రంగా తిరుగుతుంది. మీ వల రేపటికి చుట్టూ తిరిగి ఇక్కడికే వస్తుంది. వచ్చి తీసుకుపోవచ్చు.”

“అలాగే. దారి చూపించడానికి మీరూ రండి మరి.”

ఆయన నావైపొకసారి, నీళ్లవైపొకసారి చూసి, తల మళ్లీ అంచు మీద వేలాడేశాడు.