జెల్లూల్ తొట్టి

కద్దూర్ శరీరం తొట్టి తలుపుకు కొలత ఇచ్చి చేయించినట్టు ఉండేది. సన్నటి భుజాలు, లోపలికి పోయిన పొట్ట, మోకాళ్ళ దాకా వేలాడే చేతులు. ఒరాన్ రేవుపట్నానికి పడమటగా, సముద్రం కనిపించీ కనిపించని ఆ ద్రాక్షతోటలో, కుక్క దూరేటంత ఇనుప తలుపులోంచి ద్రాక్షసారా నిలవచేసే సిమెంటు తొట్టిలోకి దూరగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకడు కద్దూర్. రెండోవాడు అతని మేనమామ కొడుకు జెల్లూల్. కద్దూర్‌కు పని నేర్పింది అతనే.

చలికాలం వస్తే తోటలో జనమంతా బయట ఉండేవాళ్ళు. మగవాళ్ళు కత్తెరలు పట్టుకుని పొగమంచులో వరసలు వరసలుగా ద్రాక్షకొమ్మలు కత్తిరించేవాళ్ళు. ఆడవాళ్ళు ఆ పుల్లలను మోపులు కట్టి రొట్టెల పొయ్యిలకు మోసుకుపోయేవాళ్ళు. కద్దూర్ మాత్రం సారా కొట్టంలో, ఖాళీ అయిన తొట్లలో కూర్చుని గార గీకేవాడు. పళ్ళకు పట్టినట్టే తొట్టి గోడలకూ గార పడుతుంది. కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా, గాజుపెంకుల్లా మెరుస్తుంది. దాన్ని ఉలితో, చిన్న సుత్తితో రాల్చాలి.

తెల్లదొరలు ఓడలెక్కి తమ దేశానికి వెళ్ళిపోయాక తోట పనివాళ్ళ ఉమ్మడిది అయింది. సంఘానికి పెద్దగా మఖ్లూఫ్‌ను ఎన్నుకున్నారు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. సారా తీయడం మానేద్దామా అని ఎవరో అడిగితే, "మనం తాగుతామట్రా? తాగేవాళ్ళ ఖర్మ వాళ్ళది. ముందు పిల్లలకు బూట్లు కొననీ" అన్నాడు. అందరూ నవ్వారు. పని సాగింది.

జెల్లూల్ అప్పటికే లేడు. పాత దొర ఉండగానే, ఒక చలికాలం, గాలి తగలనివ్వకుండానే మేస్త్రీ అతన్ని చివరి తొట్టిలోకి తోలాడు. పులిసిన ద్రాక్ష వదిలిన విషపు గాలి ఇంకా అడుగునే ఉంది. బయటికి లాగబోయేటప్పటికి గోడకు ఆనుకుని, ఒళ్ళో సుత్తి పెట్టుకుని, కాస్త అలుపు తీర్చుకుంటున్నవాడిలా కూర్చుని ఉన్నాడు. శవాన్ని తీసి పాతిపెట్టాక దొర ఆ తలుపు మూయించి పైన సిమెంటు పూయించాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. జెల్లూల్ తొట్టి అనేవాళ్ళు.

ఉమ్మడి సేద్యం మొదలైన రెండో చలికాలం అది. కద్దూర్ దాని పక్క తొట్టిలో ఉన్నాడు. సుత్తి ఆపి దుమ్ము ఊదుకుంటుంటే గోడ అవతల చప్పుడు వినిపించింది. తన దెబ్బలే మారుమోగుతున్నాయనుకున్నాడు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. చప్పుడు ఆగలేదు. మూడు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ, తరవాత దుమ్ము ఊదుకునేంత ఖాళీ. మళ్ళీ మూడు, ఒకటి.

ఆ వరస అతనికి తెలుసు. తను నేర్చుకున్నదీ అదే.

బయటికి పాకి వచ్చి చూశాడు. కొట్టంలో ఎవరూ లేరు. చివరి తొట్టి మీద అరచెయ్యి ఆనించాడు. నిద్రపోతున్న బిడ్డ వీపు మీద చెయ్యి వేసినట్టు, లోపలినుంచి సన్నటి అదురు తగిలింది.

మఖ్లూఫ్‌కు చెబితే ముందు ఎగతాళి చేశాడు. "ఒంటరిగా కూర్చుని నీ చెవులకు గార పట్టిందిరా" అన్నాడు. తరవాత తనే వచ్చి గోడకు చెవి పెట్టాడు. నవ్వు ముఖం మీదే చచ్చిపోయింది.

"ఎలకలు" అన్నాడు చివరికి.

"రాతిలో, సిమెంటులో ఎలకలేం తింటాయి మామా?"

ఆ మధ్యాహ్నం కుంపటి చుట్టూ చేరి అందరూ తలోమాటా అన్నారు. తెరవొద్దని కొందరు, కొట్టానికే తాళం వేద్దామని కొందరు. అంతలో మోపు దించకుండానే బెఖ్తా లోపలికి వచ్చింది. జెల్లూల్ భార్య ఆమె.

"నా మొగుడు పోయిన చోటు గురించి నన్నొక్క మాట అడగరా? బాగుందయ్యా మీ సంఘం!"

మఖ్లూఫ్ తల దించుకున్నాడు. "నువ్వు బాధపడతావనమ్మా..."

"పడాల్సిన బాధ ఏనాడో పడ్డాను. రేపు తెరవండి. నేనూ వస్తాను."

తెల్లవారి గడ్డపారతో సిమెంటు పగలగొట్టారు. కద్దూర్ కర్రకు కొవ్వొత్తి కట్టి లోపలికి చాచాడు. గాలి చెడ్డదైతే ఆరిపోవాలి. అది నిలకడగా, తిన్నగా వెలిగింది. పులిసిన వాసన కూడా లేదు. వాన వెలిశాక రాతి నుంచి వచ్చే వాసన మాత్రం ఉంది. కద్దూర్ దేవుడి పేరు తలుచుకుని దూరాడు.

జెల్లూల్ పోయిన రోజున ఆ తొట్టిలో పని ఇంకా మొదలే కాలేదు. గోడలనిండా గార ఉండాలి. కానీ మూడు గోడలు కడిగిన పళ్ళెంలా నున్నగా ఉన్నాయి. రాలిన పెచ్చులు నేలమీద ఎక్కడా లేవు. తలుపుకు ఎదురుగా ఒక మూల, చాపంత మేర మాత్రం ఎర్రగా మిగిలి ఉంది.

"ఏముందిరా కద్దూర్?" బయటినుంచి మఖ్లూఫ్ గొంతు.

కద్దూర్ చూస్తుండగానే ఆ మూల చప్పుడు మొదలైంది. మూడు చిన్నవి, ఒకటి పెద్దది. గార పెచ్చు ఒకటి ఊడి కింద పడింది. ఊదినట్టు గాలి వచ్చింది. కొవ్వొత్తి మంట మాత్రం కదల్లేదు.

పారిపోవాలని ఎందుకు అనిపించలేదో ఆ తరవాత ఎంతమంది అడిగినా కద్దూర్ చెప్పలేకపోయాడు. మోకాళ్ళ మీద జరిగి, ఆ మూల రెండో చివర కూర్చుని, తన ఉలి తీశాడు. చిన్నప్పుడు కూర్చున్నట్టే, జెల్లూల్‌కు ఎడమపక్క.

బయట ఉన్నవాళ్ళకు రెండు సుత్తుల చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇద్దరు ముగ్గురు కొట్టం వదిలి పరుగెత్తారు. మఖ్లూఫ్ తనకు వచ్చిన ఖురాన్ సూరాలన్నీ చదివాడు. బెఖ్తా తలుపు పక్కనే నేలమీద కూర్చుని కదలకుండా వింది.

చివరి పెచ్చు రాలగానే చప్పుడు ఆగిపోయింది. కద్దూర్ పాక్కుంటూ బయటికి వచ్చాడు. జుట్టునిండా ఎర్రటి దుమ్ము.

"అలసిపోయినట్టున్నాడా?" బెఖ్తా అడిగింది.

"లేదు అక్కా. పని తొందరలో ఉన్నట్టున్నాడు."

"ఎప్పుడూ అంతే. పని అయితే తప్ప తిండికి లేచేవాడు కాదు."

ఆమె తలుపులోకి తల వంచింది. ఇంటి ముందు నిలబడి పొలంలో మనిషిని కేకేసినట్టు, కాస్త విసుగ్గా పిలిచింది. "జెల్లూల్! అయింది కదా, ఇంక రా. రొట్టె చల్లారిపోతోంది."

ఆమె లేచి కొంగు దులుపుకుని బయటికి నడిచింది. గుమ్మం దగ్గర నిలబడి కద్దూర్ చూశాడు. పొగమంచులో, తోట మధ్య దారి బండి పట్టేంత వెడల్పుగా ఉంది. బెఖ్తా దానికి ఒక అంచున నడుస్తోంది, పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు. ఒకసారి ఆగి, ఎవరో చెప్పింది విన్నట్టు తల తిప్పి, మళ్ళీ నడిచింది.

కద్దూర్ మళ్ళీ తొట్టిలోకి దిగలేదు. మఖ్లూఫ్ కూడా బలవంతపెట్టలేదు, అతని చేతికి కత్తెర ఇచ్చి కొమ్మల పనిలోకి పంపాడు. మొదట్లో వేళ్ళు బొబ్బలెక్కినా, ఆరుబయట పని అతనికి నచ్చింది. సాయంత్రాలు ఇంటికి పోతూ బెఖ్తా గుమ్మంలో ఒక పుల్లల మోపు దించి వెళ్ళేవాడు.

ఒకనాడు మోపు దబ్బున పడేశాడు. బెఖ్తా చప్పున తలుపు తీసి పెదాల మీద వేలు పెట్టుకుంది. లోపల చీకటిగా ఉంది.

"మెల్లగా బాబూ, ఇప్పుడే పడుకున్నాడు" అంది.

కద్దూర్ తల ఊపాడు. చెదిరిన పుల్లలను ఒక్కొక్కటే ఏరి, గోడ వారగా చప్పుడు కాకుండా పేర్చి ఇంటికి వెళ్ళాడు. మర్నాటి నుంచి ఆ వాకిట్లోకి వచ్చే ముందే చెప్పులు విప్పేవాడు.